పచ్చ డబ్బాకు ఎనభై మూడు మార్కులు

తుపాకీకి తూటా ఎంచుకోవడం ఒక పొద్దుటి పని. ఎండెక్కక ముందే మొదలుపెడితే అంబలి వేళకు ఇంటికి వచ్చేయవచ్చు. మా మండలి ఆ పని నూట పదకొండు రోజులు చేసింది. మొదటి రోజు నుంచి చివరి రోజు దాకా నేను అక్కడే ఉన్నాను కాబట్టి చెబుతున్నాను. ఎవరో చెప్పగా విన్నది కాదు.

నా పేరు మైసయ్య. పటాలంలో పద్దెనిమిదేళ్ళు చేసి హవల్దారుగా ఇంటికి వచ్చినవాణ్ణి. పంటలు పాడుచేసే అడివి పందుల సంగతి చూడటానికి సర్కారు వారు పట్నం చివర, గుట్ట కింద, ఒక ఆఫీసు పెట్టారు. పేరు అడవిపంది నష్ట నివారణ మండలి. మూడు వైపులా గోడ, నాలుగో వైపు గుట్ట. నాలుగో గోడ సాంకేతిక పరిశీలనలో ఉందని బోర్డు పెట్టారు. ఆరు ఊళ్ళకు కలిపి నన్ను షూటరుగా నియమించి, కొత్త తుపాకీ ఒకటి చేతికిచ్చి, దండ వేసి, ఫోటో తీశారు. తూటా మాత్రం ఇవ్వలేదు. తుపాకీ ఇచ్చే విభాగం వేరు, తూటా ఇచ్చే విభాగం వేరు అట. రెండూ ఒకే చేతిలో ఉంటే ఆ చేయి దుర్వినియోగం చేస్తుందని నిబంధన. బయట కొనుక్కుందామంటే అది మండలి తుపాకీ, సొంత తూటా పెడితే నేరుగా జైలే.

ఆ తుపాకీ గురించి రెండు ముక్కలు చెప్పాలి. పన్నెండు బోరు తుపాకీకి మామూలుగా గొట్టం లోపల నున్నగా ఉంటుంది. దీని గొట్టంలో మాత్రం మెలితిరిగిన గాడులున్నాయి, గుండును గిర్రున తిప్పి వదలడానికి. రవ్వలు చల్లే తూటాలు దీనికి పనికిరావు. ఒకే ఒక్క లావు గుండు ఉండే తూటా కావాలి. దాన్ని స్లగ్గు అంటారు. అడివి పందికి అదే సరి, ఎందుకంటే అది ఒక్క దెబ్బకు పడిపోవాలి. గాయంతో చేలో దూరిందంటే ఎదురొచ్చిన మనిషిని చీల్చేస్తుంది, తనూ నాలుగు రోజులు నరకం అనుభవించి చస్తుంది. అందుకని గురి ఎక్కడ పెడితే గుండు అక్కడే తగలాలి. తగిన స్లగ్గు దొరికితేనే అది జరుగుతుంది.

ఇక భూదవ్వ. మా ఎద్దులగుట్ట ఊరామె. భర్త పోయి ఆరేళ్ళు. నాకు చుట్టమేమీ కాదు గాని నేను చెల్లె అంటాను, ఆమె అన్నా అంటుంది. మూడెకరాలు కౌలుకు పట్టి మక్కజొన్న వేసింది. ఆ మక్క ఇల్లు చేరితే వచ్చే ఏడు కూడా ఆ భూమి ఆమె చేతిలో ఉంటుంది. చేరకపోతే ఆసామి ఇంకొకరికి ఇస్తానని ముందే చెప్పేశాడు. నాకు దండ పడిన మర్నాడే ఆమె మా ఇంటికి వచ్చింది.

"అన్నా, ఇరువై దినాలల్ల కంకి పాలువోస్తది. పాలువోసిన్నాడు పందులు దిగుతయి. నీ బుజం మీది తుపాకి జూసి జర ధైర్నంగున్న" అన్నది.

నా నోట్లో మన్ను పడ, నేనున్నాగా చెల్లే, రంది పడకు అన్నాను.

ఇద్దరం కలిసి మండలికి వెళ్ళాం. అక్కడి పెద్ద ప్రత్యేకాధికారి చక్రపాణి గారు. చొక్కా మడత నలగని మనిషి. ఆయన మాట్లాడితే నోట్లోంచి సర్క్యులర్ చదువుతున్నట్టే ఉంటుంది. పక్కన సూపరింటెండెంట్ రఘోత్తం, ఆయన తుమ్మినా రాసుకునేవాడు. భూదవ్వ దరఖాస్తును చక్రపాణి గారు అటూ ఇటూ తిప్పి చూశారు. మూడు నకళ్ళు లేవన్నారు. ఇద్దరు పొరుగు రైతుల సాక్షి సంతకాలు లేవన్నారు. అంతకంటే ముఖ్యమైనది ఇంకొకటి లేదన్నారు.

"చూడమ్మా, మీ చేనులోకి వచ్చేవి అడవి పందులా, ఊర పందులా అన్నది నిర్ధారణ కావలసి ఉంది. ఊర పందులైతే మా పరిధిలోకి రావు. పశువైద్యుని ధ్రువపత్రం జతపరచండి."

పందులింకా రాలేదు గద సారూ, రాకముందే మందు అడుగుతున్న అన్నది భూదవ్వ. రాని పందుల మీద మండలి చర్య తీసుకోజాలదని ఆయన అన్నారు. వచ్చినాక పంట ఉండది గద అన్నది ఆమె. అయితే నష్ట నివారణ కాక నష్ట పరిశీలన కింద దరఖాస్తు చేసుకోవాలని, ఆ ఫారం వేరని రఘోత్తం సాయంగా అందించాడు. చివరికి ఆమె ఊరికి వెళ్ళి సంతకాలు తెచ్చి, వైద్యుణ్ణి బతిమాలి "రాబోవునవి అడవి పందులే" అని రాయించుకొచ్చేసరికి ఐదు రోజులు పోయాయి.

ఆరో రోజు తూటా సంగతి మీద సమావేశం పెట్టారు. నాకు టీ ఇచ్చి మాట్లాడమన్నారు. నేను కాగితం మీద బొమ్మ గీసి చూపించాను. స్లగ్గుల్లో ఒక రకానికి గుండు మీదే గాడులుంటాయి, అది నున్నటి గొట్టాలకు. ఇంకో రకంలో గుండుకు ప్లాస్టిక్ తొడుగు ఉంటుంది, గొట్టంలోని గాడులు ఆ తొడుగును పట్టి తిప్పుతాయి, బయటికి వచ్చాక తొడుగు రాలిపోతుంది, గుండు తిన్నగా పోతుంది. మనది గాడుల గొట్టం కాబట్టి తొడుగు రకం కావాలి. అందులోనూ ఏ కంపెనీది ఈ గొట్టానికి పడుతుందో ఎవరూ ముందే చెప్పలేరు. ఒకే కార్ఖానాలో పక్కపక్కన తయారైన రెండు తుపాకులకే ఒకదానికి పడింది ఇంకోదానికి పడదు. రెండు మూడు రకాలు తెప్పించి, యాభై గజాల దూరంలో కాగితం కట్టి, రకానికి ఐదు చొప్పున కాల్చాలి. ఏ రకం గుండ్లు ఒకే చోట గుమికూడితే అది మనది. పాత కంకర క్వారీలో ఒక పొద్దు పని అని ముగించాను.

చక్రపాణి గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"అనగా ఏ తూటా తగినదో గొట్టమే తేలుస్తుందని మీ భావన. మండలి ఉండగా ఎంపిక అధికారాన్ని ఒక గొట్టానికి అప్పగించడం సాధ్యం కాదు."

రఘోత్తం రాసుకున్నాడు. ఆయనకు ఇంకో సందేహం కూడా వచ్చింది. గొట్టానికి గాడులున్నాయి, ఒక రకం గుండుకూ గాడులున్నాయి, ఒకే పనికి రెండు చోట్ల గాడులెందుకు పెట్టారని ఆడిట్ వారు అడిగితే ఏం చెప్పాలి అన్నాడు. అందుకే ఆ రకం వద్దని చెబుతున్నాను మహానుభావా అన్నాను. వద్దనడానికి కూడా ఒక ఉపసంఘం కావాలట. అక్కడికక్కడే స్లగ్గు ఎంపిక ఉపసంఘం ఏర్పడింది. సభ్యులు చక్రపాణి గారు, రఘోత్తం. నేను ప్రత్యేక ఆహ్వానితుణ్ణి. అంటే టీ తాగవచ్చు, ఓటు వేయకూడదు.

పదకొండో రోజుకు మూడు రకాల నమూనాలు వచ్చాయి. ఎర్ర డబ్బా, పచ్చ డబ్బా, నీలం డబ్బా. ఎర్రదాంట్లోవి నున్నటి గొట్టం స్లగ్గులు, మనకు పనికిరావు. పచ్చ, నీలం రెండూ తొడుగు రకం. నా ప్రాణం లేచొచ్చింది. తుపాకీ భుజానేసుకుని, పదండి క్వారీకి అన్నాను. ఎవరూ కుర్చీలోంచి లేవలేదు. నమూనాగా వచ్చిన ఏ వస్తువునైనా పరీక్షించిన తర్వాత, వచ్చిన స్థితిలోనే పంపినవారికి తిరిగి అప్పగించాలని నిబంధన ఉందట. కుర్చీలు, ఫ్యాన్లు, తాళాలు కొనేటప్పుడు ఎవరో మంచివాడే రాసిన నిబంధన అది. కాల్చిన తూటాను వచ్చిన స్థితిలో ఎలా తిరిగిస్తారని రఘోత్తం నన్ను అడిగాడు. నేను ఇవ్వలేనని ఒప్పుకున్నాను. అలాగైతే కాల్చకుండా పరీక్షించాలని తీర్మానం అయింది.

దానికి రఘోత్తం రెండు రాత్రులు నిద్రమాని ఒక పట్టిక తయారుచేశాడు. మొత్తం వంద మార్కులు. బరువుకు ఇరవై. చేతిలో ఇమిడే గుణానికి ఇరవై. డబ్బా మీది అచ్చు స్పష్టతకు పదిహేను. పర్యావరణ హితానికి పదిహేను. రంగుకు పది. శబ్దానికి పది, కాల్చడానికి వీల్లేదు కాబట్టి చెవి దగ్గర పెట్టుకుని ఆడించి చూడాలి. వాసనకు ఐదు. ఇతరములు ఐదు. మరి తగలడం ఎక్కడుందని అడిగాను. రఘోత్తం పట్టిక కింద వేలు పెట్టి చూపించాడు. ఇతరముల్లో ఉంది.

వాళ్ళిద్దరూ స్లగ్గులను ఒక్కొక్కటీ చెవి దగ్గర పెట్టుకుని ఆడిస్తుంటే చూశాను. సంతలో కొబ్బరికాయలు బేరమాడినట్టు ఆడించారు. పటాలంలో నేను చాలా చూశాను గాని, తూటా వాసన చూసి మార్కులేసిన వాళ్ళను చూడటం అదే మొదలు.

లబ్ధిదారుల అభిప్రాయం లేకుండా ఎంపిక చెల్లదని భూదవ్వను కూడా పిలిపించారు. కూలి పని మానుకుని, రెండు బస్సులు మారి వచ్చింది. మూడు డబ్బాలు ఆమె ముందు పెట్టి, మీకు ఏది సమ్మతమో నిర్భయంగా చెప్పమన్నారు.

"నాకేమెరుక సారూ. పందికి తాకేది ఇయ్యుండ్రి" అన్నది.

రఘోత్తం దానిని "లబ్ధిదారు అభిప్రాయం: తటస్థం" అని రాసుకుని వేలిముద్ర అడిగాడు. ఆమె వేలిముద్ర వేయలేదు, సంతకం చేసింది. ఆరో తరగతి దాకా చదువుకున్న మనిషి.

ఇరవై మూడో రోజు తెల్లవారి నేను ఆమె చేను దగ్గరికి వెళ్ళాను. వెళ్ళకపోయినా బాగుండేది. పందులు తినేది తక్కువ, తొక్కేది ఎక్కువ. కర్రలు కర్రలుగా పడిపోయిన మక్క, సగం కొరికి వదిలేసిన కంకులు, వాటి పాలు మట్టిలో కలిసి ఎండిపోతున్నాయి. ఎకరం పైన పోయింది. భూదవ్వ మంచె మీద చేతిలో రేకు డబ్బా పట్టుకుని నిలబడి ఉంది. రాత్రంతా డబ్బా కొట్టి అరిచిందట, గొంతు పోయింది, మాట రావడం లేదు. నా భుజం మీద తుపాకీ ఉంది. ఆ తుపాకీతో అక్కడ నిలబడటానికి నాకు సిగ్గేసింది. ఆమె తిట్టినా బాగుండేది. తిట్టలేదు, ఇంకా రెండెకరాలున్నది గదనే అన్నా అని సైగ చేసింది.

అక్కడినుంచి నేరుగా మండలికి పోయి నేను నోరు పారేసుకున్నాను. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగినట్టుంది మీ యవ్వారం అన్నాను. ఇంకా కొన్ని పటాలం మాటలు కూడా అన్నాను, అవి ఇక్కడ రాయను. చక్రపాణి గారు చలించలేదు. మీ ఆవేశం నమోదు చేశామన్నారు. నిజంగానే రఘోత్తం నమోదు చేశాడు, రెండు మాటలకు స్పెల్లింగ్ అడిగాడు కూడా.

అయితే నా అరుపు వృథా కాలేదు. తూటాను కాల్చి పరీక్షించడానికి చక్రపాణి గారు ఆ రోజే సూత్రప్రాయంగా అంగీకరించారు. నమూనాల్లోంచి కొన్నింటిని తిరిగిచ్చే నిబంధన నుంచి మినహాయించేందుకు పైకి రాస్తామన్నారు. ఇక షరతులు. పరీక్ష క్వారీలో కుదరదు, మండలి ఆవరణలోనే జరగాలి. కాగితం మీద కాల్చకూడదు, సర్కారు కాగితానికి చిల్లు పెట్టడానికి అనుమతి లేదు, పంది ఆకారంలో చెక్క బొమ్మ చేయించాలి. అన్నింటికన్నా పెద్ద షరతు చివర చెప్పారు.

"పరీక్ష వాస్తవ క్షేత్ర పరిస్థితుల్లో జరగాలి. మక్కజొన్న చేనులో పందిని కాల్చే తూటాను మక్కజొన్న చేనులోనే పరీక్షించడం శాస్త్రీయం. కావున ఆవరణలో అర ఎకరం మక్కజొన్న వేయించవలసిందిగా ఆదేశించడమైనది."

మక్క కంకి వేయాలంటే ఎనభై రోజులు పడుతుంది సార్ అన్నాను. తొందరపాటు మండలి సంప్రదాయం కాదన్నారు. భూదవ్వ చేనులో ఎదిగిన మక్క ఉంది కదా, అక్కడే పెట్టండి మీ పరీక్ష అన్నాను. అది ప్రైవేటు భూమి. పైగా అక్కడ పందులు తిరుగుతున్నాయి, సిబ్బంది భద్రత చూసుకోవాలి కదా అన్నాడు రఘోత్తం. ఆ మాట ఆయన నవ్వకుండా అన్నాడు.

వారం తిరక్కుండా భూదవ్వ మూడెకరాలూ ఊడ్చుకుపోయాయి. మా ఊళ్ళో ఆమె ఒక్కతే కాదు, ఆరు ఊళ్ళలోనూ అదే సంగతి. ఆమె రేకు డబ్బా పక్కన పెట్టి, ఒక పూటంతా చేను గట్టు మీద కూర్చుని ఏడ్చింది. నేను పక్కన కూర్చున్నాను. ఆసామి వచ్చి పాడైన చేను చూసి, తల అడ్డంగా ఊపి వెళ్ళాడు. అంటే భూమి పోయినట్టే.

తర్వాత నెల నేను మండలికి వెళితే, పరీక్షా మక్కలో కలుపు తీస్తున్న ఆడకూలీల మధ్య భూదవ్వ కనిపించింది. ఇదేం పని చెల్లే అన్నాను.

"చేతులు ఊకె ఉండయి గదనే. మక్క ఎవ్వలదైతేంది, కలుపు కలుపే" అని వంగి మళ్ళీ పీకసాగింది.

ఆ మక్క మహా జోరుగా వచ్చింది. రాదా మరి, వేసింది మండలి అయినా పెంచింది భూదవ్వ. బోరు నీళ్ళు, సర్కారు ఎరువు, ఆమె చేయి. చుట్టుపక్కల ఆరు ఊళ్ళలో పచ్చగా నిలిచిన మక్క అదొక్కటే. దాని నడుమ చెక్క పంది వెలిసింది. పట్నం నుంచి ఆర్టిస్టును పిలిపించి నల్ల రంగు వేయించారు, తెల్ల కోరలు పెట్టించారు. నిజం పందికంటే అందంగా ఉంది. దాని పక్కన మండలి పెద్దల పేర్లు చెక్కిన శిలాఫలకం నిలబెట్టారు.

డెబ్భై ఐదో రోజున నెలవారీ నివేదిక వచ్చింది. అంతకుముందు నెలలో ఆరు ఊళ్ళలో అడివి పందుల వల్ల పంట నష్టం సున్నా. తినడానికి పంట మిగలలేదు కాబట్టి పందులు రాలేదు, ఆ సంగతి చంటిపిల్లకు కూడా తెలుసు. మండలికి తెలిసింది వేరు. స్లగ్గు ఎంపిక ప్రక్రియ మొదలైన ప్రభావంతోనే పందులు వెనుదిరిగాయని, ఒక్క తూటా పేలకుండా నూటికి నూరుపాళ్ళు నివారణ సాధించామని చక్రపాణి గారు పైకి రాశారు. పైనుంచి అభినందన వచ్చింది. ఆ ప్రక్రియను ఇలాగే కొనసాగించమని కూడా వచ్చింది.

దాంతో కాల్చి చూడటం అన్న ముచ్చటే అవసరం లేకుండా పోయింది. శిలాఫలకం పక్కనే చెక్క పంది ఉండటం వల్ల, గుండు గురి తప్పితే ఫలకం మీది పేర్లకు భంగం కలుగుతుందని రఘోత్తం ఒక నోట్ పెట్టాడు. క్షేత్ర పరీక్ష పూర్తయినట్టు భావించడమైనది అని చక్రపాణి గారు దాని కింద సంతకం చేశారు. పట్టికలో మార్కులు కూడారు. పచ్చ డబ్బా ఎనభై మూడు, ఎర్ర డబ్బా డెబ్భై తొమ్మిది, నీలం డబ్బా అరవై ఒకటి. నీలం డబ్బాకు దారిలో మూల నొక్కుకుపోయిందట, అందుకని పడిపోయింది. ఎర్రదానికి ఇంకో ఐదు మార్కులు పడి ఉంటే మా గొట్టానికి ససేమిరా పనికిరాని స్లగ్గు గెలిచి ఉండేది. గుడ్డెద్దు చేలో పడ్డట్టు పోయి పోయి వీళ్ళు మంచిదాని మీదే పడ్డారు.

నూట పదకొండో రోజు విజయోత్సవం. ఆవరణలో షామియానా, వేదిక, వేదిక మీద మేజాబల్లలు. నమూనాలన్నీ ఆ ఉదయమే వచ్చిన స్థితిలో తిరిగి పంపేశారు. ఒక్క పచ్చ స్లగ్గును మాత్రం ఉంచుకుని, మఖమల్ గుడ్డ మీద కుట్టించి, అద్దాల చట్రంలో బిగించారు. అది ఆదర్శ లబ్ధిదారుకు జ్ఞాపిక. ఆదర్శ లబ్ధిదారు ఎవరంటే భూదవ్వ. ఆమె ఊళ్ళో పంట నష్టం సున్నాకు వచ్చింది మరి. తుపాకీ పట్టుకుని వేదిక మూల నిలబడటం నా డ్యూటీ. అది ఖాళీ తుపాకీ, ఫోటో కోసం.

నాలుగింటికి రావలసిన ముఖ్య అతిథి ఆరు దాటాక వచ్చి, రిబ్బను కత్తిరించి, భూదవ్వ చేతిలో చట్రం పెట్టి, పది నిమిషాల్లో వెళ్ళిపోయారు. అప్పుడు చక్రపాణి గారు వందన సమర్పణ మొదలుపెట్టారు. పొద్దు గూట్లో పడుతోంది. మక్క కంకులు అప్పుడప్పుడే పాలు పోసుకుంటున్నాయి. గాలి గుట్ట వైపు కొడుతోంది.

నాలుగో గోడ లేని వైపు నుంచి వచ్చాయి. ముందు ఒక మగపంది, దూడంత ఉంది. వెనక ఆడవి, పిల్లలు, లెక్కపెడితే పద్నాలుగు. రెండున్నర నెలలుగా ఆకలి మీదున్నాయి కాబట్టి మైకు కూడా లెక్కచేయలేదు. మగపంది చెక్క పందిని చూసి ఆగింది, వాసన చూసింది, దాని పక్కన నిలబడి వీపు రుద్దుకుంది. చెక్క పంది వెల్లకిలా పడింది. తర్వాత అన్నీ మక్కలో దూరాయి.

జనం గేటు వైపు పరిగెత్తారు. రఘోత్తం ఫైళ్ళ కట్ట చంకన పెట్టుకుని నీళ్ళ డ్రమ్ము ఎక్కాడు. చక్రపాణి గారు మేజాబల్ల ఎక్కారు. కాల్చు మైసయ్యా, కాల్చు అంటున్నారు. తూటా ఏది సార్ అన్నాను. ఎంపిక అయిపోయింది కదా అన్నారు. అయింది సార్, ఎంపికైన తూటా ప్రపంచం మొత్తానికి ఇక్కడ ఒక్కటే ఉంది, అదుగో భూదవ్వ చేతిలో అన్నాను.

భూదవ్వ పరిగెత్తలేదు. చట్రాన్ని రొమ్ముకు అదుముకుని, వేదిక మెట్ల మీద నిలబడి మక్క వైపు చూస్తోంది. తను కలుపు తీసి, నీళ్ళు కట్టిన మక్క రెండోసారి ఆమె కళ్ళముందే విరిగి పడుతోంది. నేను ఆమె ముఖం చూసి, ఏడుస్తుందేమో అనుకున్నాను.

"అమ్మా, అది ఇటివ్వండి, త్వరగా" అన్నారు చక్రపాణి గారు బల్ల మీంచి. మొదటిసారి ఆయన నోట్లోంచి మామూలు మాట వచ్చింది.

భూదవ్వ ఆయన వైపు తిరిగింది. గొంతు పెంచలేదు.

"వచ్చినయి అడివి పందులేనా సారూ? ఊర పందులు గావచ్చు. డాక్టరు కాయితం దెచ్చిండ్రా?"

మగపంది మక్క లోంచి బయటికి వచ్చి బల్ల కాళ్ళ దగ్గర మూతితో నేల తవ్వసాగింది.

"దరకాస్తు బెట్టుకోండ్రి" అన్నది ఆమె. "మూడు నకళ్ళు. ఇద్దరి సాచ్చి సంతకాలు. నా చేన్ల గూడ గిట్లనే తిన్నయి సారూ. నేను గూడ గిట్లనే ఎత్తు మీద నిలవడి గొంతు వోయేదాంక మొత్తుకున్న."

చక్రపాణి గారు నా వైపు చూశారు. నేను ప్రత్యేక ఆహ్వానితుణ్ణి, నాకు ఓటు లేదు. ఖాళీ తుపాకీ దించి, భూదవ్వ పక్కన మెట్టు మీద కూర్చున్నాను. పందులు ఆకలిమీదున్నాయి గాని కంకులు కావలసినన్ని ఉన్నాయి, మెట్ల జోలికి రాలేదు. బల్ల మీద ఉన్నాయన కాసేపు అరిచి, కాసేపు బతిమాలి, ఆఖరికి జేబులోంచి పెన్ను తీశారు. వందన సమర్పణ కాగితం వెనక వైపు, మోకాలి మీద పెట్టుకుని, గౌరవనీయులైన శ్రీమతి భూదవ్వ గారికి అని మొదలుపెట్టి దరఖాస్తు రాశారు. సాక్షి సంతకం కోసం దాన్ని ఉండచుట్టి డ్రమ్ము మీదికి విసిరారు. రఘోత్తం సంతకం చేసి, తేదీ వేసి, తిరిగి విసిరాడు.

చక్రపాణి గారు మెట్ల వైపు విసిరితే కాగితం భూదవ్వ చేతికి వచ్చింది. ఆమె మొత్తం చదివింది, పెదవులు కదుపుతూ, తొందరేమీ లేకుండా. అప్పటికి అర ఎకరంలో సగం పోయింది. చదవడం అయ్యాక నా జేబులోని పెన్ను తీసుకుని, నన్ను ఒక్క మాట అడిగింది. ఆమె దరఖాస్తు మీద వాళ్ళు ప్రతిసారీ రాసే ముక్క ఏమిటని. చెప్పాను. చట్రం కింద పెట్టి, మీద కాగితం పరిచి, కాపీ పుస్తకంలో రాసినట్టు గుండ్రంగా రాసింది.

"పరిశీలనలో ఉన్నది."

కింద సంతకం చేసి, కాగితం మడిచి జాకెట్లో పెట్టుకుంది. చట్రం చంకన పెట్టుకుని లేచింది. ఆఖరి బస్సు అందుకోవాలి కదా, పోదాం పద అన్నా అన్నది.